కెర్నెల్ మొరిగింది, నువ్వు వినలేదు

తమ్ముడూ,

వర్చువల్ మెషీన్లలో గడియారం తప్పడం మీద నువ్వు పంపిన వ్యాసం చదివా. "కాలం ఎవరి కోసమూ ఆగదు" అని మొదలుపెట్టావు చూడు, అక్కడే పక్కన పడేద్దామనుకున్నా. వర్చువల్ మెషీన్‌లో, అంటే అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్‌లో, ఆగుతుందయ్యా! హోస్ట్ (ఆ అసలు కంప్యూటర్) దాని వీసీపీయూని, అంటే వర్చువల్ ప్రాసెసర్‌ని, పక్కనపెట్టి ఇంకోదాన్ని నడిపినంతసేపూ గెస్ట్‌కి (లోపలి మెషీన్‌కి) ఏమీ తెలియదు. నువ్వు ఎంచుకున్న విషయమే అది. మొదటి వాక్యంలోనే కాదన్నావు.

నాలుగో పేరాలో, టీఎస్‌సీని (ప్రాసెసర్ లోపలి కౌంటర్, సమయం లెక్కకి వాడేది) అన్‌స్టేబుల్‌గా, అంటే నమ్మదగనిదిగా, మార్క్ చేశానని కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) చెప్పిన లాగ్ లైను వేశావు. దాని కోసమే ఈ ఉత్తరం. వేసి ఊరుకున్నావేం? కెర్నెల్‌లో వాచ్‌డాగ్ అనే కాపలా కోడ్ టీఎస్‌సీని ఇంకో గడియారంతో, చాలాసార్లు ఏసీపీఐ పీఎం టైమర్ అనే హార్డ్‌వేర్ గడియారంతో, పోల్చి చూస్తుంది. ఆ రెండు రీడింగుల మధ్య వీసీపీయూ ఆగిపోతే తేడా వస్తుంది, నేరం టీఎస్‌సీ మీద పడుతుంది. ఆపైన కెర్నెల్ హెచ్‌పీఈటీ అనే ఇంకో హార్డ్‌వేర్ టైమర్‌కో పీఎం టైమర్‌కో మారుతుంది. ఇక టైమ్ అడిగిన ప్రతిసారీ గెస్ట్ ఆగి హైపర్‌వైజర్ (గెస్ట్‌లను నడిపే హోస్ట్ సాఫ్ట్‌వేర్) తలుపు తట్టాలి. నీ వ్యాసంలోని అప్లికేషన్ నెమ్మదించింది అందుకే. రాయాల్సిన కథ ఇదీ!

నువ్వేమో "ఎన్‌టీపీ పెట్టుకుంటే చాలు" అని తేల్చేశావు. నెట్‌వర్క్ మీద సరైన టైమ్ తెచ్చుకుని గడియారాన్ని దిద్దే పద్ధతే కదా అది. ఆ దిద్దే ప్రోగ్రామ్ ఎన్‌టీపీడీ మెల్లగా సర్దితే సెకనుకు అర మిల్లీసెకను మించదు. ఒక్క సెకను తేడా పోవడానికి అరగంట దాటుతుంది. ఒకేసారి వెనక్కి జరిపితే లాగ్ తలకిందులవుతుంది. లెక్కపెట్టేవాడే తడబడుతుంటే మొత్తం ఎన్నిసార్లు దిద్దుతావు?

లినక్స్ 2.6 కెర్నెళ్లు టైమ్ లెక్కకి సెకనుకు 1000 టిక్కులు (టైమర్ సంకేతాలు) అడిగే రోజుల్లో ఒక క్లయింట్ దగ్గర చూశాను. పోయిన టిక్కుల్ని గెస్టూ, హైపర్‌వైజరూ ఇద్దరూ పూడ్చేవాళ్లు, గడియారం పరుగెత్తేది, ఎన్‌టీపీ వెనక్కి లాగేది. బ్యాచ్ జాబ్ మొదలవకముందే ముగిసినట్టు లాగ్‌లో ఉంది! అది రాసిస్తే ఒక ఎడిటర్‌గారు లాగ్ లైన్లన్నీ తీసేసి గోడగడియారం బొమ్మ వేశారు. పాఠకుడు బెదిరిపోతాడట. నైట్ షిఫ్ట్‌లో సర్వర్ ముందు కూర్చున్న పాఠకుడికి కావలసింది ఆ లైన్లేనయ్యా, బొమ్మ కాదు.

శైలి, పారితోషికం సంగతులు అడిగావు, తరవాత చూద్దాం. ముందు కరెంట్_క్లాక్‌సోర్స్ ఫైల్లో (కెర్నెల్ ఇప్పుడు ఏ గడియారం వాడుతోందో చెప్పేది) ఆ లాగ్ లైను రాకముందు ఏముందో, వచ్చాక ఏముందో రాయి. వాడదగ్గ గడియారాల జాబితా అవైలబుల్_క్లాక్‌సోర్స్‌లో కేవీఎం-క్లాక్ (కేవీఎం హైపర్‌వైజర్ గెస్ట్‌కి ఇచ్చే గడియారం) ఉందా? ఆ లైను పడిన రాత్రి మెషీన్ లైవ్ మైగ్రేట్ అయిందా, అంటే నడుస్తుండగానే ఇంకో హోస్ట్‌కి మారిందా? హోస్ట్ అడ్మిన్‌ని అడుగు, విసుక్కున్నా అడుగు. ఆ మొదటి పేరా మాత్రం మళ్ళీ పంపకు.