పాత టర్న్‌టేబుల్ కోసం కార్డు మీద అప్పా?

ప్రశ్న: నా వయసు 34. ఉద్యోగం చేస్తున్నాను. మా పెదనాన్నగారి ఎల్‌పీ రికార్డులు ఒక పెట్టెడు నా దగ్గరున్నాయి. వాటిని వినడానికి టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 అనే టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) సెకండ్ హ్యాండ్‌ది ఒకటి చూశాను. ధర సరిగ్గా నా నెల జీతమంత. ఆదివారంలోపు నగదు తెస్తేనే ఇస్తానని అమ్మే ఆయన అంటున్నారు. సేవింగ్స్‌లో రెండు నెలల ఖర్చులకు సరిపడా డబ్బుంది. సగం అందులోంచి తీసి, మిగతా సగం క్రెడిట్ కార్డు మీద క్యాష్ విత్‌డ్రా చేద్దామనుకుంటున్నాను. జీతంలో 40 శాతం ఇప్పటికే ఈఎంఐలకు పోతోంది. అయినా తయారీ ఆగిపోయిన మోడల్ కదా, రేటు పెరిగేదే తప్ప తగ్గదు. దీన్ని పెట్టుబడి కింద చూడొచ్చా? మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

జవాబు: ముందు మీ ఆఖరి వాక్యం సంగతి. ఇంట్లో చెప్పలేకపోతున్నారంటే ఈ లెక్క మీకే నచ్చలేదన్నమాట. ఈ రోజే చెప్పండి.

ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తుంటాయి. కెమెరా, వాచీ, పాత బైకు, ఇలా వస్తువు మారుతుంది కానీ లెక్క మారదు. మనసుపడి కొంటున్నదానికి పెట్టుబడి అని పేరు పెట్టడం, ఆ పేరు చూసుకుని అప్పు చేయడం. ఇష్టం కోసం కొంటున్నానని ఒప్పుకుంటే, ఎంతవరకు పెట్టగలను అని కనీసం మనల్ని మనం అడుగుతాం. పెట్టుబడి అనుకున్నామా, ఇక ఆ ప్రశ్నే రాదు.

తయారీ ఆగిపోయిందన్న వాదన కూడా సగమే నిజం. ఎస్‌ఎల్-1200 మొదట 1972లో వచ్చింది, ఎంకే2 1979లో. 2010లో ఈ సిరీస్ ఆపేశారు. 2016లో అదే కంపెనీ 1200 పేరుతో కొత్త మోడళ్లు తెచ్చింది. పైగా లక్షల సంఖ్యలో తయారైన మెషీన్ ఇది. మంచి మెషీనే, నాకూ ఇష్టమే. అపురూపమైనది మాత్రం కాదు. ఒకవేళ రేటు పెరిగినా, మీకు డబ్బు కావలసిన రోజున కొనేవాడు ఎదురుగా ఉండాలి కదా! అర్జంటుగా అమ్మేవాడికి పూర్తి ధర ఎవరూ ఇవ్వరు. ఆదివారం గడువు పెట్టింది అమ్మే ఆయన. తొందర ఆయనది, దాన్ని మీరెందుకు నెత్తికెత్తుకుంటున్నారు?

ఇక అసలు విషయం, ఎమర్జెన్సీ ఫండ్. మీకున్నది రెండు నెలల డబ్బు. అందులోంచి సగం జీతం తీస్తే మిగిలేది ఎక్కువలో ఎక్కువ నెలన్నరకు వస్తుంది. ఆ రెండు నెలల ఖర్చుల్లో ఈఎంఐలు కలిపారో లేదో మీరు రాయలేదు. కలపకపోతే ఇంకా తక్కువకే వస్తుంది. జీతం ఆగినా ఈఎంఐ ఆగదు. ఉద్యోగం పోతే మళ్లీ దొరకడానికి నెలన్నర చాలుతుందని మీరు ధైర్యంగా చెప్పగలరా? చెప్పలేరు, ఎవరూ చెప్పలేరు. 40 శాతం ఈఎంఐలున్న మనిషికి, ఆ ఈఎంఐలతో సహా, కనీసం ఆరు నెలల ఖర్చులు విడిగా ఉండాలి. విడిగా అంటే జీతం పడే ఖాతాలో కాకుండా అని. అదే ఖాతాలో ఉంటే ఆదివారం గడువులు ఇలా వస్తూనే ఉంటాయి, మీరు తీస్తూనే ఉంటారు.

కార్డు మీద నగదు తీయాలన్న ఆలోచన చూసి మాత్రం నిజంగా చిరాకేసింది. కొనుగోళ్లకు ఇచ్చే వడ్డీ లేని గడువు నగదుకు ఉండదు. తీసిన రోజు నుంచే వడ్డీ మొదలు, దాని మీద ఫీజు అదనం. వడ్డీ నెలకు 3 శాతం అనుకుందాం. వంద తీసి, మినిమమ్ డ్యూ అంటూ నెలనెలా బాకీలో 5 శాతం కడుతూ పోయారనుకోండి. ఏడాదిలో 55 కడతారు. అయినా బాకీ ఇంకా 77 ఉంటుంది. మధ్యలో మాయమైన 32 వడ్డీ! ఏ పాత టర్న్‌టేబుల్ రేటు ఏటా అంత పెరుగుతుందో మీరే చెప్పండి. పర్సనల్ లోన్‌కు వడ్డీ తక్కువే కావచ్చు, కానీ 40 శాతం మీద ఇంకో ఈఎంఐ అన్నమాటే వద్దు.

ఇంకో సంగతి, అడిగిన ధర దగ్గరే ఖర్చు ఆగదు. ఎంకే2 డైరెక్ట్ డ్రైవ్, అంటే మోటారే నేరుగా పళ్లెం తిప్పుతుంది, కాబట్టి బెల్టు సాగిపోయే బాధ లేదు. స్టైలస్ (రికార్డు గాడిలో నడిచే సూది) మాత్రం ఎన్ని గంటలు వాడిందో చూసి చెప్పలేం. అరిగిన స్టైలస్ రికార్డు గాడిని కూడా పాడు చేస్తుంది, అంటే మీ పెదనాన్నగారి రికార్డులకే ముప్పు. కాబట్టి స్టైలస్ కొత్తది కొనాల్సిందే. యాంప్లిఫయర్‌కు ఫోనో ఇన్‌పుట్ (టర్న్‌టేబుల్ తగిలించే చోటు) లేకపోతే ప్రీయాంప్ (దాని బలహీనమైన సిగ్నల్‌ను పెంచే పరికరం) కావాలి. ఈ మోడల్‌ను డీజేలు విపరీతంగా వాడారు. కాబట్టి టోన్‌ఆర్మ్ (స్టైలస్‌ను మోసే చేయి) బేరింగ్ వదులైందేమో చూసుకోవాలి. పిచ్ (వేగం సర్దే మీట) సున్నా దగ్గర పెట్టి తిప్పినప్పుడు పళ్లెం అంచున పెద్ద చుక్కల వరుస కదలకుండా కనిపించాలి. వీటన్నిటికీ అడిగిన ధరలో మరో సగం పక్కన పెట్టుకోలేకపోతే బేరానికే వెళ్లొద్దు.

ఇప్పుడేం చేయాలంటే, అమ్మే ఆయనకు ఈ ఆదివారం కుదరదని చెప్పేయండి. ఎమర్జెన్సీ ఫండ్ నాలుగు నెలలకు చేరేదాకా టర్న్‌టేబుల్ పేరుతో పైసా దాచొద్దు. నాలుగు దాటాక ఆరుకు చేర్చే పొదుపుతో పాటే దీనికోసం చిన్న రికరింగ్ డిపాజిట్ వేసుకోండి. అది నిండేలోపు ఇలాంటి ఎంకే2లు ఇంకెన్నో అమ్మకానికొస్తాయి. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఒక్కటే ఉంటే, సొంతంగా ఇంకోటి ముందే తీసుకోండి. ఈలోగా రికార్డులను ఎండ తగలని చోట నిలువుగా పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చితే వంగిపోతాయి.