అమ్మానాన్నలు ఆరు నెలలకు అమెరికా వెళ్తుంటే ఇక్కడి సిమ్ ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: గుంటూరు బ్రాడీపేటలో ఉండే మీ అమ్మానాన్నలు మీ అక్క పురిటికి డల్లాస్ వెళ్తున్నారు. ఆరు నెలలు ఉంటారు. ఇద్దరివీ ప్రీపెయిడ్ నంబర్లు. రోమింగ్ ప్యాక్ వేయించాలా, అక్కడి సిమ్ తీసుకోవాలా, ఖర్చెందుకని ఇక్కడి సిమ్‌లు తీసి ఇంట్లో పెట్టేయాలా అని అడిగారు.

తీసి ఇంట్లో పెట్టే పని మాత్రం చేయకండి. మేం చేసి చూశాం.

మాది విజయవాడ సత్యనారాయణపురం. 2023 జూన్‌లో మా అమ్మాయి పురిటికి నేనూ మావారూ డల్లాస్ పక్కన ఫ్రిస్కోకు వెళ్లాం. బయల్దేరే ముందు రోజు రాత్రి మావారు తన సిమ్ తీసి, చిన్న కవర్లో వేసి, బీరువాలో నగల పెట్టె పక్కన పెట్టారు. అక్కడ అది ఎలాగూ పనిచేయదు, పొరపాటున పనిచేస్తే బిల్లు పడుతుంది అన్నారు. నాకూ సబబే అనిపించింది. దిగగానే మా అల్లుడు ఇద్దరికీ అక్కడి సిమ్‌లు ఇచ్చారు. వాట్సాప్ పాత నంబరుతోనే నడిచింది. రోజూ వీడియో కాల్స్, రెండు నెలలు ఏ లోటూ లేదు.

ఆగస్టులో తెనాలిలో మా మరిది బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌కు ముందుగా డబ్బు కట్టమన్నారు. డబ్బు మావారి ఖాతాలో ఉంది. యూపీఐ యాప్ తెరిస్తే సిమ్ కనబడటం లేదు, నంబరు మళ్లీ ధ్రువీకరించమని అడిగింది. అలా ధ్రువీకరించాలంటే ఆ సిమ్ నుంచే ఒక మెసేజ్ వెళ్లాలి. సరే, నెట్ బ్యాంకింగ్‌లో పంపుదామంటే ఓటీపీ అడిగింది. ఆ ఓటీపీ రావాల్సిన సిమ్ విజయవాడలో బీరువాలో ఉంది, బీరువా తాళాలు ఫ్రిస్కోలో నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి.

పోనీ నా ఖాతా నుంచి పంపుదామనుకున్నాం. నా సిమ్ ఫోన్‌లోనే ఉంది కానీ దానికి సిగ్నల్ లేదు. వెళ్లేముందు షాపులో అడిగితే "రోమింగ్ దానంతట అదే ఆన్ అవుతుందమ్మా" అన్నారు, నేను నమ్మాను. అది ఆన్ కాలేదు. అక్కడి నుంచి ఆన్ చేద్దామని కంపెనీ యాప్‌లోకి వెళ్తే, లాగిన్ కావడానికి అదే నంబరుకు ఓటీపీ పంపుతానంది. ఆ రాత్రి ఇద్దరం మంచం మీద ఫోన్లు పట్టుకుని కూర్చుని ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను. చివరికి మా అల్లుడు తన ఖాతా నుంచి డాలర్లు పంపారు. అవి తెనాలి చేరేసరికి రెండు రోజులు పట్టింది. ఈలోపు మా తోడికోడలు మెడలో గొలుసు తాకట్టు పెట్టి డబ్బు కట్టింది. గొలుసు తర్వాత విడిపించాం, మరిది కూడా బాగా నడుస్తున్నాడు. కానీ డబ్బు ఉండి కూడా సమయానికి ఇవ్వలేకపోయామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మీ నాన్నగారి నంబరును మాట్లాడుకునే నంబరుగా చూడకండి. బ్యాంకు, ఆధార్, పెన్షన్, ఎల్‌ఐసీ, గ్యాస్ బుకింగ్, అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. మాట్లాడటానికి, ఇంటర్నెట్‌కు అక్కడి సిమ్ తీసుకోండి. ఇక్కడి సిమ్ ఓటీపీల కోసం ఫోన్‌లోనే బతికి ఉండాలి. 2025లో రెండోసారి వెళ్లినప్పుడు మేం ఇలాగే చేశాం, చిన్న చిన్న చిక్కులు తప్ప పెద్ద ఇబ్బందేమీ రాలేదు.

ముందు రీఛార్జ్ సంగతి చూడండి. 84 రోజుల ప్లాన్ మీద విమానం ఎక్కితే అది మధ్యలో అయిపోతుంది, మెసేజ్‌లు ఆగిపోతాయి. ఎప్పుడు అయిపోయిందో పెద్దవాళ్లకు తెలియను కూడా తెలియదు. ఏడాది ప్లాన్ వేయించి పంపండి. డేటా ఉన్నది అక్కర్లేదు, దాన్ని అక్కడ వాడరు. డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాకులు కూడా అమ్మాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మొబైల్ కంపెనీలను ఆదేశించింది. వీటికి 365 రోజుల దాకా గడువు ఉండవచ్చు. యాప్‌లో ఇవి పైకి కనిపించవు, కిందికి వెతకాలి. షాపులో అడిగితే డేటా ప్లానే చూపిస్తారు, మీరు గట్టిగా అడగండి.

తర్వాత రోమింగ్ ఆన్ చేయించడం. రోమింగ్ సర్వీసు వేరు, రోమింగ్ ప్యాక్ వేరు. సర్వీసు ఆన్ అయితే ఆ సిమ్ అక్కడి నెట్‌వర్క్ పట్టుకుంటుంది. ప్యాక్ అంటే కాల్స్‌కు, డేటాకు కట్టే డబ్బు. ఓటీపీలకు మాకు సర్వీసు ఆన్ అయి ఉంటే సరిపోయింది, వచ్చిన మెసేజ్‌లకు మా నంబర్ల మీద పైసా పడలేదు. మీ కంపెనీలో కూడా అంతేనా అని కస్టమర్ కేర్‌ను అడిగి, సర్వీసు ఆన్ అయినట్టు మెసేజ్ వచ్చాకే నమ్మండి. ఆ మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. షాపులో నోటిమాట నమ్మి నేను ఎంత బాధపడ్డానో పైన చెప్పాను. ఇదంతా కనీసం వారం ముందు అయిపోవాలి.

ప్రయాణం రోజులకు మాత్రం చిన్న ప్యాక్ ఒకటి వేయించండి, అది నా గట్టి సలహా. దోహాలోనో అబుదాబిలోనో విమానం మారేటప్పుడు మీ అమ్మగారు ఒక్క కాల్ చేయగలిగితే మీకు ఎంత ధైర్యమో ఆలోచించండి. అయితే ప్యాక్‌లో అమెరికా ఉంటే చాలదు, మధ్యలో ఆగే దేశం కూడా ఉందో లేదో చూడాలి. రెండోసారి వెళ్లినప్పుడు మేం చూడలేదు. దోహాలో దిగగానే మావారు ఫోన్ ఆన్ చేశారు, డేటా రోమింగ్ కూడా ఆన్‌లోనే ఉంది. వాట్సాప్‌లో ఫొటోలు వాటంతటవే దిగడం మొదలుపెట్టాయి, ఉన్న బ్యాలెన్స్ అంతా ఊడ్చుకుపోయింది. విమానం గాల్లో ఉన్నప్పుడు కూడా ఫోన్ ఫ్లైట్ మోడ్‌లోనే ఉండాలి. కొన్ని విమానాల్లో సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది, దాని రేట్లు చాలా ఎక్కువ.

అక్కడి సిమ్ వేశాక ఫోన్‌లో మూడు చోట్ల చూడాలి, ఇది మీరు కానీ మీ అక్క కానీ దగ్గరుండి చేయండి. మొబైల్ డేటా అమెరికా సిమ్ మీద ఉండాలి. ఇండియా సిమ్‌కు డేటా రోమింగ్ ఆఫ్ చేయాలి. మూడోది చాలామందికి తెలియదు: ఒక సిమ్‌లో సిగ్నల్ తగ్గితే డేటాను రెండో సిమ్‌కు మార్చే ఆప్షన్ ఒకటి ఉంటుంది, అది కూడా ఆఫ్‌లో ఉండాలి. కొత్త సిమ్ చూడగానే వాట్సాప్ నంబరు మారుస్తారా అని అడిగితే వద్దనండి. మారిస్తే బంధువులందరికీ గందరగోళం.

ఇండియా నంబరుకు వచ్చే కాల్స్ ఎత్తొద్దని పెద్దవాళ్లకు గట్టిగా చెప్పండి. ప్యాక్ లేకుండా రోమింగ్‌లో వచ్చిన కాల్ ఎత్తితే మనకే నిమిషానికి ఛార్జి పడుతుంది. వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. మన ఊళ్లో మధ్యాహ్నం లోన్ కావాలా అని చేసేవాళ్ల కాల్ అక్కడ అర్ధరాత్రి మోగుతుంది. నిద్రమత్తులో ఎవరైనా ఎత్తుతారు. నేనైతే ఆ సిమ్‌కు కాల్ రింగ్‌టోన్ లేకుండా పెట్టుకున్నాను, మెసేజ్ శబ్దం మాత్రం వినిపించేది.

ఇక ఫోన్. మీ అమ్మగారిది బటన్ల ఫోన్ అయితే ఇక్కడే మార్చండి. అమెరికాలో పెద్ద కంపెనీలు 2022లో 3జీ మూసేశాయి, 4జీ మీద కాల్స్ వెళ్లని ఫోన్లు అక్కడ కాల్స్‌కు పనికిరావు. ఇంకో సంగతి, పిల్లలు ప్రేమగా కొత్త ఐఫోన్ కొనిస్తారు. ఐఫోన్ 14 నుంచి అక్కడ అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే అరే ఉండదు, అన్నీ ఈసిమ్‌లే, అంటే చిప్ పెట్టే పని లేకుండా ఫోన్‌లోనే నమోదయ్యే సిమ్‌లు. మా అమ్మాయి నాకు అలాంటిదే ఇచ్చింది. నా ఇండియా సిమ్ అందులో పట్టదు కనుక పాత ఫోన్‌లోనే ఉంచి, వంటగదిలో మిక్సీ పక్కన ఛార్జింగ్‌లో పెట్టేదాన్ని. అది కూడా మంచి పద్ధతే, పెద్దవాళ్లకు తికమక ఉండదు. ఇక్కడి సిమ్‌ను ఈసిమ్‌గా మార్చుకుని వెళ్లాలనుకుంటే మాత్రం చివరి రోజున పెట్టుకోకండి. సిమ్ మార్చాక మోసాలు జరగకుండా 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు.

సిమ్ ఇక్కడ బంధువుల ఫోన్‌లో ఉంచి, ఓటీపీ వచ్చినప్పుడు వాట్సాప్‌లో పంపమనే పద్ధతి మనవైపు చాలామంది చేస్తున్నారు. నాకు అది నచ్చదు. మనకు అవసరం పడిన సమయానికి ఇక్కడ వాళ్లు నిద్రలో ఉంటారు, ఓటీపీ గడువు నిమిషాల్లో అయిపోతుంది. సిమ్ మన ఫోన్‌లో లేకపోతే యూపీఐ ఎలాగూ నడవదు. పైగా ఎంత కావలసినవాళ్లయినా, మన ఖాతా తాళం వాళ్ల చేతిలో పెట్టి వాళ్లను ఇరకాటంలో పడేయకూడదు.

కాగితం కూడా ఒకటి రాసివ్వండి. మీ అక్క ఇంటి చిరునామా, అక్క ఫోన్ నంబరు, బావగారి ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో, పాస్‌పోర్టులో పెట్టుకునేలా. ఇమిగ్రేషన్ దగ్గర ఎక్కడ ఉంటారని అడుగుతారు. అప్పటికి ఫోన్‌లో ఛార్జింగ్ ఉండకపోవచ్చు, వైఫై దొరక్కపోవచ్చు.

వాళ్లు దిగిన మొదటి వారంలోనే ఏ అవసరం లేకపోయినా బ్యాంకు నుంచి ఒక ఓటీపీ తెప్పించి చూడమనండి. రాకపోతే ఫ్లైట్ మోడ్ ఒకసారి వేసి తీయాలి, అప్పటికీ రాకపోతే నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్ నుంచి తీసి, జాబితాలో ఉన్న వేరే కంపెనీని చేత్తో ఎంచుకోవాలి. మాకు రెండోసారి ఒక నెట్‌వర్క్ మీద మెసేజ్‌లు రాలేదు, ఇంకోదానికి మార్చగానే ఆగిపోయినవన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి.

మీ అమ్మగారి ఫోన్, నాన్నగారి ఫోన్ ఏ మోడళ్లో ఇక్కడ రాయండి. ఈసిమ్ పడుతుందో లేదో, ఆ ఆప్షన్లు ఏ మెనూలో ఉంటాయో చూసి చెప్తాను.