సినిమా కథలు రాసుకుంటున్న మా పిల్లలకి ఒక ఉత్తరం

చి. అబ్బాయికి, ఆదివారాలు నీతో కూర్చునే మిగతా నలుగురికీ ఆశీస్సులు.

మీరు పంపిన అయిదు కథలూ చదివాను. మలుపులు ఉన్నాయి, ఇంటర్వెల్ దగ్గర దెబ్బ ఉంది, పాటలకి చోటు కూడా ఉంది. లేనిది మనిషి. అయిదింటిలోనూ హీరో మంచివాడు, కోపం ఎక్కువ, అమ్మంటే ప్రాణం. ఒక కథలో హీరోని తీసుకుపోయి ఇంకో కథలో కూర్చోబెట్టినా ఎవరికీ తేడా తెలియదు. హీరోయిన్ సంగతి సరేసరి, అయిదుగురూ చలాకీ పిల్లలే.

ముందు నా కొలబద్ద చెప్తాను. మీ కథ విన్నవాడు మర్నాడు దాన్ని ఇంకొకరికి తిరిగి చెప్పగలగాలి. "ఒకడుంటాడు, వాడేం చేస్తాడంటే" అని మొదలుపెట్టాడంటే మీ పాత్ర నిలబడినట్టు. "ఒక ఊళ్లో ఏం జరుగుతుందంటే" అని మొదలుపెట్టాడంటే మీ దగ్గర సంఘటనలే ఉన్నట్టు. ఇది సరదాకి పెట్టుకున్న పరీక్ష కాదు. మీ కథ నచ్చిన నిర్మాత ఆ సాయంత్రమే దాన్ని ఫైనాన్షియర్‌కో, హీరో మేనేజర్‌కో రెండు నిమిషాల్లో చెప్పాలి. అప్పుడు మీరు పక్కన ఉండరు. మీ బదులు ఆ గదిలోకి పోయేది మీ పాత్రే.

అట్టాంటి మనిషిని యాడ వెతకాలంటే, అతని పనిలో. గుణాల జాబితాతో మొదలుపెట్టబాకండి. ఏ పనిలో ఏ గంటకి ప్రాణం మీదికి వస్తుందో చూడండి. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువులు మీ కళ్లముందే ఉన్నాయి. ఎండ ఉన్నంతసేపూ నీళ్లలోని ప్లాంక్టన్, అంటే కంటికి ఆనని నాచు, ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడితే అదీ పీల్చుకునేదే, రొయ్యా పీల్చుకునేదే. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో ఏరియేటర్లు, అంటే నీళ్లు చిలికి గాలి కలిపే యంత్రాలు, ఆగితే రొయ్య పైకి తేలి గట్టు అంచులకి చేరుతుంది. ఇప్పుడు రాత్రి మూడు గంటలకి కరెంటు తీసేయండి. జనరేటర్‌లో ఉన్న డీజిల్ ఒక్క చెరువుకి తెల్లారేదాకా సరిపోతుంది. ఉన్నవి రెండు చెరువులు. ఒకటి మన లీజుదారుది. రెండోది అతని మాట నమ్మి అప్పుచేసి దిగిన బావమరిదిది. మనవాడు ఏ చెరువుకి లైను కలుపుతాడు?

తన చెరువుకే కలుపుకుని, పొద్దున బావమరిది పక్కన కూర్చుని తానూ ఏడ్చాడనుకోండి, అదొక మనిషి. బావమరిది చెరువుని కాపాడి, ఆ ముక్క పెళ్లిళ్లలో పేరంటాల్లో చెప్పుకుంటూ తిరిగాడనుకోండి, అది ఇంకో మనిషి. గంట ఇటు, గంట అటు తిప్పి రెండూ పోగొట్టుకున్నవాడు మూడోవాడు. నా ఓటు వాడికే. ఎవరికీ కాదని చెప్పలేని మనిషి మంచివాడిలా కనపడతాడు, చుట్టుపక్కల వాళ్లందర్నీ ముంచుతాడు. అట్టాంటివాడి మీద అరవై సీన్లు నడుస్తాయి.

ఇప్పుడు వాడికి నాలుగు లైన్లు రాయండి. ఏ పాత్రకైనా ఈ నాలుగూ చాలు, పది పేజీల జీవిత చరిత్ర అక్కర్లేదు. మొదటిది, కావాల్సింది: పంటని 30 కౌంట్ దాకా నిలబెట్టి మేత డీలర్ బాకీ తీర్చాలి. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క, అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. రెండోది, దాచేది: బావమరిది అప్పు కాగితం మీద సంతకం కూడా తానే పెట్టాడు. మూడోది, తనకి తాను చెప్పుకునే అబద్ధం: "నేను చేసేదంతా వాళ్ల కోసమే." నాలుగోది, చచ్చినా చేయనన్నది: పంట ఎదగకముందే భయపడి పట్టేయడం. కథ పని ఏంటంటే, అతన్ని నెట్టుకుంటూ ఆ నాలుగోదాని దగ్గరికే తీసుకుపోవడం.

ఎక్కువమంది తప్పేది మొదటి లైన్లోనే. "వాడికి గౌరవం కావాలి", "గుర్తింపు కావాలి" అని రాస్తారు. గౌరవాన్ని కెమెరా ఎట్టా తీస్తుంది? బాకీ కాగితం చింపడం తీస్తుంది, డీలర్ కుర్చీ చూపించి కూర్చోమనడం తీస్తుంది. కంటికి కనపడేదిగా మారేదాకా ఆ లైన్ పూర్తి కానట్టే.

తర్వాత అతని చేతికి ఒక వస్తువు ఇవ్వండి, అదీ పనిలోంచే రావాలి. మేత వేసిన కొంతసేపటికి చెక్ ట్రే పైకి లాగి ఎంత తిన్నదీ ఎంత మిగిలిందీ చూస్తారు కదా. మనవాడు దాన్ని ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాడనుకుందాం. మొదటిసారి మామూలుగా చూపించండి: ట్రే ఖాళీ, తడి వేళ్లు లుంగీకి తుడుచుకుని "ఖాళీ" అని రాస్తాడు. రెండోసారి రాత్రి, నోట్లో టార్చి, ట్రేలో సగం మేత అట్టాగే ఉంది. రొయ్య తినడం మానేసిందంటే రోగం వచ్చిందేమోనని అనుమానం. పెన్ను కాగితం మీద ఆగిపోతుంది. మూడోసారి ట్రే నిండా మేత ఉంది, అయినా "ఖాళీ" అనే రాస్తాడు, ఎందుకంటే పొద్దున్నే ఆ పుస్తకం చూడబోయేది బావమరిది. ఒక్క మాట లేకుండా మనిషి జారిపోవడం చూపించారు, ఇంటర్వెల్ కూడా అక్కడే పెట్టుకోవచ్చు. ఏ వస్తువునైనా మూడుసార్లే వాడండి. నాలుగోసారి వాడితే రచయిత చెయ్యి కనపడుతుంది.

యాస గురించి ఒక మాట. మన నెల్లూరు యాస పెట్టినంత మాత్రాన పాత్ర వచ్చేసినట్టు కాదు. అందరి చేతా "ఏందబ్బా, యాడికబ్బా" అనిపిస్తే అది మిమిక్రీ. ఒకే ఊళ్లో డీలర్ ఒకరకంగా మాట్లాడతాడు, చెరువు కాపలా ముసలాయన ఒకరకంగా, కాలేజీ పిల్ల ఇంకోరకంగా. డైలాగ్ పేజీలో పేర్లు చెరిపేసి పది డైలాగులు స్నేహితుల చేత చదివించండి. ఎవరిది ఏదో కనీసం ఏడు పోల్చలేకపోతే అందరి నోటా మీరే మాట్లాడుతున్నారని అర్థం. నత్తి, కుంటి, చెవుడు లాంటివి తగిలించి పాత్ర గుర్తుండిపోతుందనుకోవడం అంతకన్నా ఘోరం.

డీలర్‌ని మీసం దువ్వే విలన్‌గా రాయబాకండి. అతనూ మేత కంపెనీకి బాకీ ఉంటాడు. అతని లెక్క అతను చెప్తే వినేవాడు "నిజమే కదా" అనుకోవాలి. అప్పుడే మనవాడికి గొంతు దాకా వస్తుంది.

ఇంకో పెద్ద జబ్బు, హీరోకి అన్నీ జరుగుతుంటాయి, వాడు మాత్రం ఏమీ చేయడు. మీలో ఒకరు రాసిన పొగాకు కథలో ఉన్నది ఇదే. టంగుటూరు వేలం కేంద్రంలో రైతు బేళ్లకి, అంటే పొగాకు కట్టలకి, నో బిడ్ పడింది, కొంటామని ఎవరూ పాట పాడలేదు, మనసు కలుక్కుమంది, సరే. కానీ అది అతనికి జరిగిన కష్టం, అతని స్వభావం కాదు. ఆ బేళ్లు వెనక్కి తోలుకుని ఇంటికి పోతాడా, మళ్లీ గ్రేడ్ చేసి తెస్తాడా, వేరొకరి పేరు మీద పెట్టిస్తాడా? సాయంత్రానికి అతనేం చేశాడన్న దగ్గర కథ మొదలవుతుంది. మీ సీన్ ఆర్డర్ ముందేసుకుని ప్రతి సీన్ పక్కనా ఇందులో నిర్ణయం ఎవరిదో రాయండి. వరసగా నాలుగైదు సీన్లలో హీరో పేరు కనపడకపోతే థియేటర్లో జనం ఫోన్లు తీసేది అక్కడే. మొదటి ఖరీదైన నిర్ణయం పది పన్నెండు సీన్ల లోపల పడాలి. చిన్నప్పటి ఫ్లాష్‌బ్యాక్‌తో ఆ సీన్లన్నీ నింపితే కుదరదు. గతాన్ని ప్రేక్షకుడు అడిగేదాకా దాచిపెట్టండి.

ఇక మీ ఆదివారాల సంగతి. అయిదుగురు సరిపోతారు, ఆరోవాణ్ణి చేర్చబాకండి. వంతులవారీగా ఒకరు కథ చెప్పాలి, ఒకరు నిర్మాతగా కూర్చోవాలి, ఒకరు గడియారం పట్టుకోవాలి, మిగతా ఇద్దరూ మామూలు శ్రోతలు. వంతు వచ్చినవాడు పేజీలు లేకుండా రాకూడదు. ఆత్రేయ గారు మన సూళ్లూరుపేట పక్క మంగళంపాడు ఆయనే. రాయక నిర్మాతల్ని ఏడిపిస్తారని ఆయనకి పేరు. రాస్తే అంతటివాడు కాబట్టి చెల్లింది, మనకి చెల్లదు.

ప్రతి కథా మూడు కొలతల్లో తయారుగా ఉండాలి: రెండు వాక్యాల లైన్, మూడు నిమిషాల కథ, ఇరవై నిమిషాల కథ. పూర్తి నేరేషన్ రెండు గంటలు పట్టొచ్చు, కానీ అక్కడిదాకా పోయేది ఈ మూడూ దాటినవాళ్లే. లైన్లో మనిషి, అతని పని, ముంచుకొచ్చిన ఇబ్బంది, ఎంచుకోవాల్సిన రెండు దారులు ఉండాలి. "ఇదొక ఎమోషనల్ జర్నీ సార్" అన్న ముక్క ఎవరినోటా వినపడకూడదు.

ఇరవై నిమిషాలు నిర్మాతగా కూర్చున్నవాడు తప్ప ఎవరూ అడ్డు తగలొద్దు. గడియారం పట్టుకున్నవాడు ఎన్నో నిమిషంలో ఎవరు కదిలారు, ఎవరు ఫోన్ చూశారు, ఎక్కడ నవ్వారు అన్నది మాత్రం రాసుకోవాలి. అయిపోగానే చర్చ పెట్టబాకండి. మొదట నోరు విప్పినవాడి అభిప్రాయమే మిగతా అందరిదీ అయిపోతుంది. అందరూ చీటీ మీద మూడు ముక్కలు రాయాలి: హీరోకి ఏం కావాలి, కుదరకపోతే ఏం పోతుంది, గుర్తున్న సీన్ ఏది. చీటీలు కలిపి చూడండి. మొదటి ప్రశ్నకి నాలుగు రకాల జవాబులు వస్తే తప్పు వినేవాళ్లది కాదు.

తర్వాత మాట్లాడుకోండి, రెండు షరతులతో. సీన్ చెప్పకుండా "బాగుంది", "కనెక్ట్ కాలేదు" అనకూడదు. "లైను బావమరిది చెరువుకి మార్చిన దగ్గర వాడి మీద నమ్మకం పోయింది" అనాలి. రెండోది, "నేనైతే ఇట్టా రాస్తా" అనకూడదు. ఎక్కడ నొప్పి ఉందో రోగి చెప్పాలి, మందు డాక్టర్ రాయాలి. అందరి సలహాలూ వేసుకుంటూ పోతే హీరోలో అయిదుగురు మనుషులు దూరి ఎవరికీ కాకుండా పోతాడు. కథ చెప్పినవాడు కూడా ఆ మాటలు నడిచినంతసేపూ సమర్థించుకోకుండా రాసుకోవాలి. కాగితంలో లేనిది నోటితో పూడిస్తే ఆ గుంట అట్టాగే మిగిలిపోతుంది.

మంగళవారమో బుధవారమో శ్రోతల్లో ఒకరు ఆ కథని కథ తెలియని మనిషికి, ఇంట్లో అక్కకో పిన్నికో, చెప్పి ఫోన్‌లో రికార్డ్ చేసి పంపాలి. రాసినవాడు అది వినాలి. జారిపోయిన సీన్లు దాదాపు ఎప్పుడూ పాత్ర ఏమీ నిర్ణయించని సీన్లే. వాటిని కొట్టేయడమో, అక్కడ ఒక నిర్ణయం పెట్టడమో చేయాలి.

నిర్మాతగా కూర్చున్నవాడు మొహమాటపడకూడదు. "హీరో ఎవరనుకుంటున్నావ్?", "చెరువులో తీస్తే ఖర్చెంత?", "ఇంటర్వెల్ ఒక్క ముక్కలో చెప్పు" అని అడగాలి. పన్నెండో నిమిషంలో ఫోన్ వచ్చిందని లేచి పోవాలి, మూడు నిమిషాల తర్వాత వచ్చి "ఆ, ఏం చెప్తున్నావ్?" అనాలి. చెప్పేవాడు నీళ్లు నమలకుండా రెండు వాక్యాల్లో వెనకది అందించి ముందుకి సాగాలి. ఆఫీసుల్లో ఇది రోజూ జరిగేదే, ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి.

హైదరాబాద్ పిలుపు వస్తే ఇద్దరు పొండి. రెండోవాడు కథ మధ్యలో అందుకోకూడదు, జోకులకి ముందే నవ్వకూడదు. వాళ్లు అడిగిన ప్రశ్నలు గుర్తుపెట్టుకుని బయటికి రాగానే రాసుకోవడం అతని పని. సింహపురి ఎక్స్‌ప్రెస్ దిగి, నిద్ర మొహంతో నేరుగా ఆఫీసుకి పోబాకండి, ఒకరోజు ముందు చేరుకోండి. బౌండ్ స్క్రిప్ట్, అంటే సీన్లూ డైలాగులూ పూర్తిగా రాసిన ప్రతి, అడిగితే మన పద్ధతిలో పేజీని నిలువునా రెండుగా చేసి ఎడమవైపు దృశ్యం, కుడివైపు డైలాగ్ రాసి ఇవ్వండి.

ఒకరి ముందు ఒకరు కథలు విప్పుతున్నారు కాబట్టి కాగితాలు సరిగా ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఐడియాకి రక్షణ లేదు, రాసిన రూపానికే ఉంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే. కాబట్టి నోటితో చెప్పేముందు సినాప్సిస్, అంటే కథ సారాంశం, రాసి తేదీతో మీ మెయిల్‌కి పంపుకోండి. రచయితల సంఘంలో రిజిస్టర్ చేయిస్తే ఇంకా మంచిది. రిజిస్ట్రేషన్ లేనంత మాత్రాన హక్కు పోదు, కానీ ఉంటే గొడవ వచ్చినప్పుడు రుజువుగా పనికొస్తుంది. ఒకరి కథకి ఇంకొకరు పూర్తి సీనో, పాత్రో ఇస్తే కథా సహకారం అని పేరు వేస్తారా లేదా అన్నది ఆరోజే వాట్సాప్‌లో రాసుకోండి. డబ్బు వచ్చాక మాట్లాడుకుందామంటే స్నేహం మిగలదు.

వచ్చే నెల మొదటివారానికి అయిదుగురూ తలా ఒక పాత్రకి నాలుగు లైన్లు, ఆ పాత్ర చేతిలో వస్తువు కనపడే మూడు సీన్లు రాసి పంపండి. కథ మొత్తం ఇప్పుడే వద్దు.

ఉంటాను,
మీ పెదనాన్న