మూడో వారంలో ఆగిపోయే ప్రయత్నాలు

ప్రశ్న: ఉద్యోగం చేస్తూ పోటీ పరీక్షకు చదువుకుంటున్నాను. రెండేళ్లుగా తెల్లవారుజామున లేవడం, చన్నీళ్ల స్నానం, 21 రోజుల ఛాలెంజ్, సమయాన్ని లెక్కగట్టే యాప్‌లు అంటూ ఎవరు ఏది చెప్పినా మొదలుపెడుతున్నాను. మొదట్లో ఎంతో ఉత్సాహంగా ఉంటుంది, మూడో వారానికల్లా వదిలేస్తున్నాను. నాలో పట్టుదల లేదా? అసలు దేనిమీద దృష్టి పెట్టాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: పట్టుదల లేనివారు రెండేళ్లపాటు మళ్లీ మళ్లీ మొదలుపెట్టరు. కాబట్టి లోపం మీ పట్టుదలలో ఉందని నేను అనుకోను. ఏ పద్ధతైనా మొదటి వారం బాగా నడవడానికి కారణం చాలావరకు దాని కొత్తదనమే. కొత్తగా ఉన్నన్నాళ్లూ మన శ్రద్ధ దానంతటదే దానిమీద నిలుస్తుంది, అది పాతబడగానే అసలు శ్రమ ఎదురవుతుంది. సరిగ్గా అక్కడే మనం పద్ధతిని తప్పుపట్టి మరొకదాన్ని వెతుక్కుంటాం. అందువల్ల ఏ పనిలోనూ విసుగు దాటిన తరువాతి దశను చూడలేకపోతాం. నైపుణ్యం కుదురుకునేది మాత్రం ఆ దశలోనే.

మీరు చెప్పిన 21 రోజుల గడువునే తీసుకుందాం. 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, శస్త్రచికిత్స చేయించుకున్నవారు తమ కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతుందని రాశారు. ఆ మాట ప్రచారంలోకి వచ్చేసరికి ‘కనీసం’ జారిపోయి, ఏ అలవాటైనా 21 రోజుల్లో వచ్చేస్తుందన్న నమ్మకంగా మారింది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలపాటు గమనించి 2009లో వెలువరించిన అధ్యయనంలో, ఒక చిన్న పని అప్రయత్నంగా జరిగిపోయే అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పడుతుందని తేలింది. మనిషినిబట్టి, పనినిబట్టి ఆ అంచనా 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. అంటే మూడో వారంలో ఇంకా కష్టంగా అనిపించడం మీ వైఫల్యం కాదు, చాలామందికి అది సగం దారి కూడా కాదు. మధ్యలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు పెద్దగా దెబ్బతినదని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. ఒకరోజు తప్పగానే అంతా పాడైందని మానేసే వారందరికీ ఈ సంగతి తెలియాలని నా కోరిక.

దేనిమీద దృష్టి పెట్టాలన్న ప్రశ్నకు నా జవాబు: ముందు నిద్ర, తరువాత చదివే తీరు. పెద్దలకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర అవసరమని నిద్రా వైద్య నిపుణుల సంఘాలు 2015లో సూచించాయి. రాత్రికి 6 గంటలే పడుకోనిచ్చి రెండు వారాలు గమనించిన ఒక ప్రయోగంలో, పాల్గొన్నవారి ఏకాగ్రత నిద్రే లేకుండా రాత్రంతా మేలుకున్నవారి స్థాయికి పడిపోయింది. అంతకన్నా ఆందోళన కలిగించే విషయం ఏమిటంటే, తమ పనితీరు అంతగా దిగజారిందని వారికి తెలియనే లేదు. అర్ధరాత్రి దాకా చదివి తెల్లవారుజామునే లేచేవారు సంపాదించామనుకునే గంటలను ఇక్కడే పోగొట్టుకుంటున్నారు. పదింటికి పడుకోగలిగితే ఐదింటికి నిక్షేపంగా లేవండి, లేకపోతే ఆ నియమాన్ని నిస్సంకోచంగా వదిలేయండి.

ఇక చదువు. ఒకే పాఠాన్ని తిరిగి తిరిగి చదివినవారినీ, ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తున్నది రాసినవారినీ పోల్చిన ప్రయోగ ఫలితాలు 2006లో వచ్చాయి. ఐదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే తిరిగి చదివినవారిదే పైచేయి అయింది. వారం తరువాత పెడితే మాత్రం గుర్తుచేసుకుని రాసినవారు స్పష్టంగా ముందున్నారు. తిరిగి చదువుతున్నప్పుడు కలిగే ‘ఇది నాకు వచ్చు’ అన్న భావన ఎంతగా మోసం చేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. కాబట్టి రెండు మూడు పేజీలు చదవగానే పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా సొంత మాటల్లో రాయండి. తట్టని చోట వెంటనే పుస్తకం తెరవకుండా ఒక నిమిషం ఆలోచించండి. ఆ తడబాటు ఇబ్బందిగానే ఉంటుంది, కానీ జ్ఞాపకం బలపడేది ఆ ప్రయత్నంలోనే. తరువాత పుస్తకంతో సరిచూసుకుని, వదిలిపోయిన వాటికింద గీత గీయండి. మర్నాడు ముందుగా గీత గీసిన వాటినే మళ్లీ చూడకుండా రాయండి, మూడు నాలుగు రోజులు పోయాక ఇంకోసారి, వారం తరువాత మరోసారి రాయండి. దీనికి ఏ యాప్ కూడా అక్కర్లేదు.

శరీర శ్రమ సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించినది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. వేగంగా నడిచినా చాలు.

వీటన్నిటినీ రేపే ఒకేసారి మొదలుపెట్టకండి. మొదటి నెల నిద్రవేళ ఒక్కటీ కుదుర్చుకోండి, అది నిలదొక్కుకున్నాక చదివే తీరు మార్చండి. ఈలోగా కొత్త చిట్కాలు మీ కంటపడుతూనే ఉంటాయి. నచ్చినదాన్ని తేదీ వేసి నోటుపుస్తకం చివరి పేజీలో రాసి పక్కన పెట్టండి. మూడు నెలల తరువాత ఆ పేజీ తీసి చూసినప్పుడు, అప్పటికీ మీకున్న ఒక నిర్దిష్టమైన ఇబ్బందిని తీర్చేదేదైనా కనిపిస్తే దాన్నొక్కదాన్నే ప్రయత్నించండి.