లటాకియా పైపు పొగాకు: పొగవాసన ఎక్కువైతే ఘాటూ ఎక్కువేనా?

లటాకియా కలిపిన పైపు పొగాకు మా పర్లాకిమిడి వైపు కాల్చే చుట్ట కంటే ఘాటుగా ఉంటుందా అన్నది ప్రశ్న. సాధారణంగా ఉండదు. సిరియా రేవు పట్టణం పేరు మోస్తున్నా ఇప్పుడు ఎక్కువగా సైప్రస్ నుంచి వచ్చే ఈ ఆకును, ఎండిన తరువాత మూసిన కొట్టంలో వేలాడదీసి, సువాసన గల పొదలూ కట్టెలూ రగిల్చిన పొగలో చాలా రోజులు ఉంచుతారు. ఆ నలుపూ వాసనా అక్కడే పడతాయి. డబ్బా మూత తీయగానే సాంబ్రాణి ధూపం, పాత తోలు, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప కలగలిసిన వాసన కొడుతుంది. నాకైతే వంటింటి అటక మీద పొగచూరిన దూలం గుర్తుకు వస్తుంది. తీరా వెలిగిస్తే పొగ నాలుకను మండించకుండా చల్లగా వస్తుంది. ఘాటు మాత్రం నికోటిన్ పాళ్లను బట్టి ఉంటుంది తప్ప పొగవాసనను బట్టి కాదు. (హాని తక్కువని మాత్రం దీని అర్థం కాదు.) లటాకియా ఒక్కటే అయితే మొద్దుగా, ఒకే తీరుగా ఉంటుంది కనుక తీపికి వర్జీనియా ఆకునూ, లేత పులుపు పరిమళానికి టర్కీ, గ్రీసు వైపు పండే చిన్న ఆకులనూ జోడిస్తారు; లటాకియా సగానికి మించితే అవి నోటికి అందవు.