‘పాట్టికి చెప్పినా’ తెలుగేనా?

సందేహం: మాది నగరి. ఇంట్లో మా అత్తగారూ నేనూ తమిళం మాట్లాడుకుంటాం, మావారు తెలుగు. మా ఐదేళ్ళ బాబు వాళ్ళ నాన్నతో ‘పాట్టికి చెప్పినా, పాట్టి మురుకులు ఇచ్చింది’ అంటాడు. పాట్టి అంటే తమిళంలో అవ్వ. రెండు భాషలూ కలగాపులగం అవుతున్నాయనీ, ఇంట్లో తెలుగొక్కటే మాట్లాడమనీ బడిలో టీచరు అన్నారు. ‘చెప్పినా’ తమిళ యాసట, ‘చెప్పాను’ అనాలట. వాడి తెలుగు నిజంగా చెడిపోతోందా? బడి దరఖాస్తులో ‘మాతృభాష’ అన్నచోట ఏం రాయాలి?

సమాధానం: అమ్మా, ముందు ‘చెప్పినా’ సంగతి చూద్దాం. తమిళంలో ఆ మాట ‘సొన్నేన్’. ‘చెప్పినా’ మన సీమ తెలుగు. ‘చెప్పినాను’లో చివరి ‘ను’ జారిపోగా మిగిలిన రూపం. కోస్తా వాళ్ళ నోట అదే మాట నడుమ కుదించుకుపోయి ‘చెప్పాను’ అయింది. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది కోస్తా రూపం గనక సీమ రూపం తప్పులాగా వినిపిస్తోంది, అంతే. బాబు నోట్సులో ‘చెప్పాను’ రాయడం నేర్చుకోవాలి, నేర్చుకుంటాడు. ఇంట్లో ‘చెప్పినా’ అన్నప్పుడల్లా ఆపి దిద్దకండి. వాడు మాట్లాడేది వాళ్ళ నాన్న తెలుగే.

ఇక కలగాపులగం. వాడి వాక్యంలో తమిళం అంటూ ఉన్నది ‘పాట్టి’ ఒక్కటే. అవ్వను ఇంట్లో అందరూ పిలిచే మాట అది, వాడు వేరే మాట ఎందుకు వెతుక్కోవాలి? దానికి వాడు తగిలించిన ‘కి’ మాత్రం తెలుగు విభక్తి. తమిళమైతే ‘పాట్టికిట్ట సొన్నేన్’ అనాలి. ఆ ‘కిట్ట’ను వాడు తెలుగులోకి తేలేదు. బస్సుకి, టీచరుకి అని మనం ఇంగ్లీషు మాటలకు ‘కి’ చేర్చుకునే పద్ధతే ఇది. తెలుగు చట్రంలో పరాయి మాటను కూర్చోబెట్టాలంటే తెలుగు చట్రం తెలిసి ఉండాలి గదా.

ఇంకో చోట పరీక్షించి చూడండి. తెలుగులో ‘అవ్వ వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ రెంటికీ క్రియ ఒకటే. తమిళంలో అలా కుదరదు. ఆడమనిషికి ‘వందాళ్’, ఆవుకు ‘వందదు’, పెద్దవాళ్ళను మర్యాదగా చెప్పేటప్పుడు ‘వందాంగ’. బాబు వాళ్ళ పాట్టితో ‘అమ్మా వందాంగ’ అని, వాళ్ళ నాన్నతో ‘అమ్మ వచ్చింది’ అని అంటున్నాడేమో ఒక పూట గమనించండి. అంటుంటే వాడి బుర్రలో రెండు వ్యాకరణాలూ దేని చోట అది ఉన్నట్టే. ఎవరితో ఏది మాట్లాడాలో కూడా వాడికి తెలుసన్నమాట.

టీచరుగారిని తప్పుపట్టలేం. రెండు భాషల పిల్లలు చదువులో వెనకబడతారని ఒకప్పుడు పండితులే రాశారు. వాళ్ళు చేసిన పొరపాటేమంటే, పేద వలస కుటుంబాల పిల్లలకు వచ్చీరాని ఇంగ్లీషులో పరీక్ష పెట్టి, ఆ మార్కులను ఇంగ్లీషు ఇళ్ళ పిల్లల మార్కులతో పోల్చడం. 1962లో పీల్, లాంబర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు కెనడాలోని మాంట్రియల్‌లో పదేళ్ళ పిల్లలను ఇంటి స్థితిగతులు సరిపోల్చి పరీక్షించారు. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చిన పిల్లలు ఒక భాష పిల్లల కంటే మెరుగ్గా చేశారు. రెండూ సమానంగా వచ్చినవాళ్ళనే ఏరుకున్నారని ఆ పరిశోధన మీద విమర్శ ఉంది, అది సబబే. అయినా రెండో భాష బుద్ధిని మందగింపజేస్తుందన్న వాదం ఆ తరవాత నిలబడలేదు.

అసలు మన సీమలో ఒక భాష ఇల్లే అరుదు. తిరుమల గుడిలో రాయలవారి దానశాసనాలు తెలుగులో, తమిళంలో, కన్నడంలో ఉన్నాయి. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో మీ పొరుగున ఉన్న తిరుత్తణి కూడా ఉండేది. 1960 ఏప్రిల్ 1న ఆ తాలూకా మద్రాసు రాష్ట్రంలో కలిసింది. పెళ్ళి సంబంధాలు, సంతలు, సుబ్రహ్మణ్యస్వామి కావళ్ళు ఇప్పటికీ అటూ ఇటూ సాగుతూనే ఉన్నాయి. మీ ఇంట్లో తమిళం ఆపడమంటే, మీ అత్తగారు మనవడికి చెప్పే కథ, పెట్టే ముద్దు, వేసే కేక అన్నీ ఆపడం. ఐదేళ్ళవాడికి అది తీరని నష్టం. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

నా బెంగ వేరే ఉంది. తెలుగూ వద్దు, తమిళమూ వద్దని, తమకే సరిగా రాని ఇంగ్లీషులో పిల్లలతో నాలుగు ముక్కలు మాట్లాడే ఇళ్ళు తిరుపతిలో, చిత్తూరులో పెరుగుతున్నాయి. ఆ పిల్లలకు ఏ భాషలోనూ ఒక సంగతిని మొదటినించి చివరిదాకా చెప్పడం రావడం లేదు. ఆడుకునేటప్పుడు మాట్లాడే భాష వేరు, పాఠం అర్థం చేసుకుని తిరిగి చెప్పే భాష వేరు అని జిమ్ కమిన్స్ అనే పండితుడు 1979 నాటికే విడదీసి చూపించాడు. ఆ రెండో శక్తి ఒక భాషలో గట్టిపడితే ఇంకో భాషకూ అక్కరకొస్తుందని కూడా ఆయనే చెప్పాడు. కాబట్టి పాట్టి చెప్పిన తమిళ కథను రాత్రి వాళ్ళ నాన్నకు తెలుగులో చెప్పమనండి. తట్టని చోట తమిళ మాట వాడినా ఆపకండి, కథ నడవనివ్వండి. అక్షరాలు కూడుకుని చదవడం వచ్చాక తెలుగు కథల పుస్తకం చేతికివ్వండి. చదవడం, రాయడం లేకపోతేనే వాడి తెలుగుకు ప్రమాదం.

దరఖాస్తు విషయం. చిన్నతనంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాషే మాతృభాష అని మన జనగణన నిర్వచనం. మీరు బాబుతో తమిళమే మాట్లాడుతుంటే ఆ గడిలో తమిళమని రాయండి. అందువల్ల వాడికి తెలుగు రాదని కాదు. జనగణనలోనైతే మాతృభాష కాక తెలిసిన మరో రెండు భాషలు కూడా అడుగుతారు. అక్కడ మొదట తెలుగు రాయించండి.