సోడా సీసాలు ఏరుకున్న జోయీ

ప్రశ్న: పోయిన సంచికలో 'లిటిల్ ఫ్యూజిటివ్' అని ఏదో పాత అమెరికన్ సినిమా పేరు ఒక్క ముక్క రాసి వదిలేశారు. మా బాబుకి ఏడేళ్ళండీ, బ్లాక్ అండ్ వైట్ అంటేనే మొహం తిప్పేసుకుంటాడు. వాడితో కూర్చుని చూడొచ్చా? అసలు అందులో ఏముంది?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కథ అంటారా, గుప్పెడంతే. 1953 సినిమా. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉండే జోయీకీ ఏడేళ్ళే. అమ్మమ్మకి బాలేదని వాళ్ళమ్మ వెళ్తూ వీణ్ణి పన్నెండేళ్ళ అన్నకి అప్పగిస్తుంది, వీడు తోకలా తగులుకున్నాడని అన్నా వాడి ఫ్రెండ్సూ కలిసి తుపాకీ, కెచప్‌తో నాటకమాడి నువ్వే మీ అన్నని చంపేశావ్ అంటారు, పాపం వాడు నమ్మేసి అమ్మ పెట్టెళ్ళిన డబ్బులు తీసుకుని రైలెక్కి కోనీ ఐలాండ్ బీచ్‌కి పారిపోతాడు.

అక్కడ రంగులరాట్నం కనబడగానే హత్యా లేదు గిత్యా లేదు, అన్నీ మర్చిపోతాడు! వాడికి గుర్రాల పిచ్చి. డబ్బులైపోయాక, ఖాళీ సోడా సీసాలు తిరిగిస్తే డిపాజిట్ డబ్బులొస్తాయని తెలుస్తుంది (మనకీ కిరాణా కొట్లో ఇచ్చేవాళ్ళుగా). ఇక చూడండి, ఎండలో పడుకున్న జనం కాళ్ళ మధ్యలోంచి దూరుతూ సీసాలేరడం, ఇచ్చేసి గుర్రమెక్కడం, దిగి మళ్ళీ సీసాలకి పరిగెత్తడం. డైలాగే ఉండదు, నేనైతే ఆ ముక్క కోసమే మళ్ళీ మళ్ళీ చూస్తా.

తీసినవాళ్ళు మారిస్ ఎంగెల్, రూత్ ఆర్కిన్, రే ఆష్లీ. మొదటి ఇద్దరూ ఫొటోగ్రాఫర్లు, మొగుడూపెళ్ళాలు కూడా. ఎంగెల్ భుజానికి తగిలించుకునే చిన్న 35 ఎంఎం కెమెరా ప్రత్యేకంగా చేయించుకున్నాడు, స్టాండ్ లేదు ఏం లేదు, నడుం దగ్గర పట్టుకుని పైనుంచి చూస్తూ తీసేయడమే, అందుకే జనానికి షూటింగని తెలియలేదు, మనకేమో లోకమంతా పిల్లాడి ఎత్తులోంచే కనబడుతుంది. మాటలు తర్వాత డబ్ చేశారు, అక్కడక్కడా పెదాలు కలవవు, పోనివ్వండి. వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో సిల్వర్ లయన్ అవార్డొచ్చింది. ఫ్రెంచ్ డైరెక్టర్ ట్రూఫో అయితే మా న్యూవేవ్‌కి (ఫ్రాన్స్‌లో కుర్ర డైరెక్టర్లు తెచ్చిన కొత్తరకం సినిమాల ఒరవడి లెండి) దారి చూపించింది ఎంగెలే అన్నాడు.

జోయీగా వేసిన రిచీ ఆండ్రస్కో నటుడేం కాదు, మామూలు పిల్లాడు.

మీవాడికి చూపించండి. గంటన్నర కూడా ఉండదు. మొదట్లో ఆ తుపాకీ నాటకం దగ్గర మాత్రం పక్కనే కూర్చోండి, వాడు భయపడితే అన్నకేం కాలేదని ముందే చెప్పేయండి.